ఆదివారం వాళ్లది: డిస్కవరీ బే తెలుగు కుటుంబాలకు ఒక బహిరంగ లేఖ

హాంగ్‌కాంగ్ డిస్కవరీ బేలో సొంత ఫ్లాట్లున్న అన్నలకు, వదినలకు, నాలాగే అద్దెకుంటున్న తెలుగువాళ్లందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం మొదట ఇంగ్లీషులో రాశాను. మా బ్లాకు యజమానుల కమిటీకి మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి పంపాను. మొదటిదానికి "అందింది, పరిశీలిస్తాం" అని ఒక్క లైను జవాబు వచ్చింది. రెండోదానికి అదీ లేదు. మన వాట్సాప్ గ్రూపులో పెడితే ముగ్గురు దండం బొమ్మ పెట్టారు. ఒక పెద్దాయన "మనకెందుకమ్మా, అద్దెకున్నవాళ్లం" అన్నారు. ఆ తర్వాత మాట మామిడిపళ్ల ఆర్డరు మీదికి వెళ్లిపోయింది. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వినేవాళ్లు లేకపోతే ఇంకాస్త గట్టిగా చెప్పాలి కాబట్టి, ఈసారి మన భాషలో రాస్తున్నాను.

విషయం నాలుగు బెంచీలది. మా బ్లాకు లాబీ వెనక, బస్సు దిగి నడిచొచ్చే దారిలో, పైఅంతస్తు నీడ పడే చోట ఉండేవి. ఎండా వానా తగలని చోటు. మామూలు రోజుల్లో స్కూలు బస్సు కోసం తల్లులు కూర్చునేవారు. ఆదివారం మన ఇళ్లలో పనిచేసే హెల్పర్లు కూర్చునేవారు. పోయిన ఏడాది వానాకాలంలో ఆ బెంచీలు తీసేసి వాటి చోట పెద్ద పెద్ద పూలకుండీలు పెట్టారు. "ఇక్కడ గుమిగూడరాదు" అని గోడకి కాగితం అంటించారు. అందులో ఎవరి పేరూ లేదు. కానీ ఆదివారం అక్కడ కూర్చునేది వాళ్లు తప్ప ఇంకెవరూ లేరని మనందరికీ తెలుసు.

ఆ తర్వాత ఒక ఆదివారం నల్ల వర్షం హెచ్చరిక ఉంది, అంటే ఇక్కడి వాన హెచ్చరికల్లో అన్నిటికంటే తీవ్రమైనది. లిఫ్టు ఆలస్యమవుతోందని నేను మెట్లెక్కాను. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, అగ్నిప్రమాదం వస్తే దిగే మెట్ల మీద, నలుగురు ఆడవాళ్లు అట్టపెట్టెలు పరుచుకుని కూర్చున్నారు. ప్లాస్టిక్ డబ్బాలో అన్నం, కోడికూర. ఒకామె ఫోన్‌ని గోడకి ఆనించి ఎవరో పిల్లాడితో మాట్లాడుతోంది. నన్ను చూడగానే నలుగురూ లేచి నిలబడ్డారు. డబ్బా మూత పెట్టేశారు. "సారీ మామ్, సారీ మామ్" అంటూ గోడకి అతుక్కుని నాకు దారిచ్చారు. వాళ్లలో ఒకామె మా ఇంట్లో మనిషి.

నా చేతిలో గొడుగు, పాలపాకెట్లు. ఏం చెప్పాలో తెలియక "కూర్చోండి, కూర్చోండి" అంటూ పైకి వెళ్లిపోయాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఈ ఊరు తెలియని తెలుగువాళ్లు కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. డిస్కవరీ బే హాంగ్‌కాంగ్‌లోని లాంటౌ దీవి తూర్పు ఒడ్డున కొండలకీ సముద్రానికీ మధ్య కట్టిన కాలనీ. నగరం నడిబొడ్డున ఆఫీసులుండే సెంట్రల్‌లోని మూడో నంబరు రేవు నుంచి పడవలో అరగంట లోపే. సొంత కార్లు లేవు. బస్సులున్నాయి, కొందరికి గోల్ఫ్ బండ్లున్నాయి. 2000లో సొరంగం తెరిచేదాకా పడవే ప్రధాన దారి. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో ఉంటారు. పిల్లలు రోడ్డు మీద సైకిళ్లు తొక్కుకుంటారు. సాయంత్రం ఎదురుగా పెంగ్ చౌ దీవి మీద దీపాలు వెలుగుతుంటే ఒడ్డున నడవొచ్చు. 2017లో వచ్చిన రోజు నుంచి ఈ ఊరంటే నాకు ఇష్టం. దీన్ని తిట్టడానికి కూర్చోలేదు.

కానీ నేను ఏడున్నర పడవ ఎక్కి ఆఫీసుకి వెళ్లగలుగుతున్నానంటే, మీరు రాత్రి పదింటికి వచ్చినా పిల్లలు తిని పడుకుని ఉన్నారంటే, అది ఒక ఆడమనిషి తన పిల్లల్ని వాళ్ల అమ్మమ్మ దగ్గర వదిలి ఇక్కడికి రావడం వల్ల. ఆ సంగతి నాకు ఇక్కడికొచ్చాక తెలిసింది కాదు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక 1993లో అమ్మ కువైట్ వెళ్లింది. నాకప్పుడు ఏడేళ్లు. కోనసీమలో ఇది కొత్త కథేమీ కాదు, ప్రతి వీధిలో ఒకరిద్దరు ఉండేవారు. అమ్మ క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికొచ్చేవాళ్ల చేత పంపేది. అమ్మమ్మ, నేను అరుగు మీద టేప్‌రికార్డరు పెట్టుకుని వినేవాళ్లం. గొంతు తగ్గించి మాట్లాడేది. మధ్యలో ఎవరో పిలిస్తే టక్కున ఆగిపోయేది, మళ్లీ వేరే రోజు మొదలయ్యేది. గుసగుసగా ఎందుకు మాట్లాడేదో పెద్దయ్యాక అడిగితే చెప్పింది. ఆమె పడుకునేది మెట్ల కింద. పక్కనే ఉల్లిపాయల బస్తాలు. కాళ్లు చాపితే తలుపుకి తగిలేది. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక రికార్డు చేసేది. పదకొండేళ్లలో ఊరికొచ్చింది మూడుసార్లు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండేది.

ఆ డబ్బుతోనే నేను చదువుకున్నాను. ఆ చదువుతోనే ఇక్కడ ఉన్నాను.

మా ఇంట్లో మనిషిది ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో వైపు. ఫిలిప్పీన్స్‌లో అక్కని "ఆతె" అంటారు. ఇంట్లో అందరం ఆమెని అలాగే పిలుస్తాం, మా చిన్నది మాత్రం దాన్ని "అత్తె" చేసింది. ఆమె 2009లో హాంగ్‌కాంగ్ వచ్చింది, మాకంటే ఎనిమిదేళ్ల ముందు. ఏడేళ్లు నిండాక 2024లో మాకు శాశ్వత నివాస కార్డులు వచ్చాయి. ఆమెకు రాలేదు, ఎప్పటికీ రాదు. ఇక్కడి తుది అప్పీలు కోర్టు 2013 మార్చిలో తేల్చేసింది: ఇంటిపని వీసా మీద ఎన్నేళ్లున్నా అది మామూలు నివాసం కింద లెక్కకు రాదు. కార్డులు వచ్చిన రోజు మేం కేకు తెచ్చుకుంటే ముక్కలు కోసి పెట్టింది ఆమే.

మెట్ల మీద వాళ్లని చూసిన రాత్రి, ఆమె ఇంకా తిరిగి రాకముందు, టేపు తీసుకుని ఆమె గది కొలిచాను. వంటింటి వెనక ఉంటుంది కదా, అన్ని ఫ్లాట్లలోనూ ఇంచుమించు అదే. పొడవు ఆరడుగుల రెండంగుళాలు, వెడల్పు నాలుగున్నర అడుగులు. మంచం వేశాక తలుపు సగమే తెరుచుకుంటుంది. మంచం మీద అల్మారా, అల్మారా పక్కన మా ఇస్త్రీ బల్ల, మా పాత సూట్‌కేసులు రెండు. మర్నాడు పొద్దున కింద గోల్ఫ్ బండి పెట్టుకునే చోటు కూడా కొలిచాను. ఎందుకు కొలిచానంటే నాకే తెలియదు. బండికి గీసిన తెల్లగీతల చోటు ఆ గది కంటే పెద్దది. లక్షల డాలర్లు పెట్టి కొన్న బండికి తగిన చోటు ఇవ్వాలని మనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తొమ్మిదేళ్లు ఒక మనిషిని ఆ గదిలో పడుకోబెట్టింది నేనే. అమ్మ చెప్పిన మెట్ల కింది గది గుర్తుండి కూడా నాకది తట్టలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. మనలో చాలామందికి తెలిసే ఉంటుంది, కానీ కలిపి చూడం. హాంగ్‌కాంగ్‌లో మూడున్నర లక్షలకు పైగా హెల్పర్లున్నారు. 2003 నుంచి ఉన్న నిబంధన ప్రకారం వాళ్లు యజమాని ఇంట్లోనే ఉండాలి, బయట గది తీసుకోకూడదు. దీని మీద కోర్టుకెళితే 2018లో ఓడిపోయారు, 2020లో అప్పీలూ పోయింది. 1987 నుంచి ఇంకో నిబంధన ఉంది. ఉద్యోగం పోతే రెండు వారాల్లో దేశం వదిలి వెళ్లాలి. ఇక ఉద్యోగ చట్టం ప్రకారం ప్రతి ఏడు రోజుల్లో ఒకరోజు, ఏకధాటిగా 24 గంటలు సెలవివ్వాలి. బలవంతంగా పనిచేయిస్తే 50,000 హాంగ్‌కాంగ్ డాలర్ల దాకా జరిమానా.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. సెలవు రోజు ఇంట్లో ఉంటే, ఇల్లే ఆఫీసు. గది తలుపు తీస్తే సింకులో గిన్నెలు కనిపిస్తాయి, "ఒక్క నిమిషం పాపని చూడవా" అనే మాట వినిపిస్తుంది. అందుకే ఆమె బయటికి పోతుంది. సెంట్రల్ వెళ్లాలంటే పడవ ఖర్చు. రానూపోనూ కలిపితే ఒక రోజు జీతంలో పెద్ద ముక్కే పోతుంది. అక్కడైనా కూర్చునేది చేటర్ రోడ్డు మీద, వంతెనల కింద, అట్టల మీద. ఇంట్లోంచి బయటపడి ఈ ఊళ్లోనే ఉందామంటే, మనం బెంచీలు తీసేశాం. మరి ఆ 24 గంటలు ఆమె ఎక్కడ కూర్చోవాలి? కమిటీని నేను అడిగింది ఈ ఒక్క ప్రశ్నే.

"వాళ్లు గోల చేస్తారు, చెత్త వేస్తారు" అన్నారు కొందరు. మూడు ఆదివారాలు సాయంత్రం నేను వెళ్లి చూశాను. చెత్త సంచి కట్టి బుట్టలో వేసి వెళ్లేది వాళ్లే. నవ్వుకుంటారు, పాడుకుంటారు, నిజం. మన పిల్లల పుట్టినరోజు పార్టీలకి పోడియంలో, అంటే బ్లాకు కింద అందరూ వాడుకునే అంతస్తులో, స్పీకర్లు పెట్టినప్పుడు ఎవరూ కాగితం అంటించలేదు.

ఆదివారం పోవడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క రోజు గుర్తుచేస్తాను. 2018 సెప్టెంబరు 16, మాంఖుట్ తుఫాను. ఇక్కడి తుఫాను హెచ్చరికల్లో అన్నిటికంటే పెద్దదైన పదో నంబరు సిగ్నల్ పది గంటలపాటు ఉంది. అలలు ఒడ్డు దాటి వచ్చాయి. మా హాల్లో కిటికీ సందుల్లోంచి నీళ్లు కారుతుంటే తువ్వాళ్లు పిండి పిండి మళ్లీ వేసింది ఆతె. ఆరోజు ఆదివారం. ఆమె సెలవు రోజు. ఆ సంగతి మాకెవరికీ గుర్తు లేదు. తుఫానులో అందరూ చెయ్యి వేస్తారు, దానికి నేనేమీ అనను. కానీ దాని బదులు ఇంకో రోజు ఇవ్వాలని మరో ఏడాదికి గానీ నాకు తట్టలేదు. తుఫాను లేని ఆదివారాలు ఇలా ఎన్ని పోయాయో లెక్క కూడా పెట్టలేదు.

2022 ఫిబ్రవరి, మార్చిలో కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు పాజిటివ్ వచ్చిన హెల్పర్లను కొందరు యజమానులు బయటికి పంపేశారు. చలిలో ఆరుబయట పడుకున్నవాళ్ల గురించి పత్రికల్లో చదివాం. చదివి "అయ్యో" అనుకున్నాం. ఇంట్లోనే ఉండాలన్న చట్టం ఉన్నచోట, ఇంట్లోంచి పంపేస్తే మనిషికి తల దాచుకునే చోటే ఉండదు. బెంచీల దగ్గర మొదలైంది అక్కడిదాకా పోతుందని నా భయం.

అందుకే ఈ కింది విషయాలు అడుగుతున్నాను. కొన్ని కమిటీ చేయాల్సినవి, ఎక్కువ మనం చేయాల్సినవి.

1. బెంచీలు తిరిగి పెట్టించండి. కాగితం తీయించండి. ఇందులో నా చేతిలో ఏమీ లేదు. అద్దెకున్నవాళ్లకి యజమానుల సమావేశంలో ఓటు లేదు. ఓటున్న తెలుగు కుటుంబాలు మా బ్లాకులోనే నాకు తెలిసి ఐదు. మీరు సమావేశానికి వెళ్లి ఈ విషయం ఎజెండాలో పెట్టమని రాతపూర్వకంగా అడగండి. వీలైతే ఆదివారం పూట పోడియంలోని హాలు కూడా వాళ్లకి తెరవమనండి. వానాకాలంలో ఆ హాలు ఆదివారాలు ఖాళీగానే ఉంటోంది. వెళ్లడం కుదరకపోతే మీ తరఫున ఇంకొకరికి అధికారపత్రం ఇవ్వొచ్చేమో కమిటీని అడగండి.

2. మన పండగలు ఆదివారం నుంచి మార్చండి. ఇది మనసులో పెట్టుకుని చాలాకాలంగా చెప్పలేకపోయిన మాట. ఉగాది బుధవారం వచ్చినా మనం చేసుకునేది ఆదివారం. సంక్రాంతి, వినాయక చవితి, దీపావళి, పిల్లల అన్నప్రాసనలు, అన్నీ ఆదివారమే, ఎందుకంటే మనకి సెలవు. వాళ్లకీ అదే సెలవు. పోయిన ఉగాదికి ఒక వదినగారింట్లో నలభైమందికి భోజనాలు. బొబ్బట్లకి పిండి కలిపింది, పూర్ణం ఉండలు చేసింది, రాత్రి పదకొండింటికి మూకుడు తోమింది ముగ్గురు హెల్పర్లు. వాళ్లలో మా ఆతె కూడా ఉంది, పంపింది నేనే. "ఎగస్ట్రా డబ్బిచ్చాం కదా" అంటాం. డబ్బు ఇవ్వాల్సిందే. కానీ వద్దనగలిగే స్థితి ఉన్న మనిషిని అడిగితేనే అది అడగడం. ఉద్యోగం పోతే పద్నాలుగు రోజుల్లో విమానం ఎక్కాల్సిన మనిషి మనకి "కుదరదు మామ్" అనగలదా? శనివారం చేసుకుందాం. లేదా ఆదివారమే చేసుకుని మనమే వండుకుని మనమే తోముకుందాం. మన అమ్మలు వందమందికి వండి వడ్డించిన వాళ్లే కదా. ఒకవేళ సెలవు మార్చక తప్పకపోతే ఆమె ఒప్పుకోవాలి, బదులు రోజు చట్టం చెప్పినట్టు ఆ నెలలోనే ముందుగానో, లేదా ముప్పై రోజుల్లోపో ఇవ్వాలి.

3. సెలవంటే 24 గంటలు. పొద్దున టిఫిను పెట్టి వెళ్లి, రాత్రి తొమ్మిదికల్లా వచ్చి గిన్నెలు తోమితే అది సెలవు కాదు. రాత్రి ఎన్నింటికి రావాలో చెప్పే హక్కు మనకి లేదు, ముప్పై నలభై ఏళ్ల మనిషికి. సోమవారం పొద్దున సింకు ఖాళీగా ఉండాలి. ఇది మా ఇంట్లో మొదలుపెట్టి ఐదు నెలలైంది. మొదటి రెండు వారాలు ఆదివారం రాత్రి మా ఆయన, నేను సింకు దగ్గర గొడవపడ్డాం. ఇప్పుడు మా పెద్దాడు తుడుస్తాడు.

4. గదిలోంచి మన సామాను తీయండి. ప్రభుత్వం ఇచ్చే రెండేళ్ల ఒప్పందం కాగితంలో తగిన వసతి, తగినంత ఏకాంతం ఇవ్వాలని ఉంది. నడవాలో పరుపు వేయడం, ఎదిగిన మగపిల్లాడితో ఒకే గదిలో పడుకోబెట్టడం తగిన వసతి కాదని ఆ కాగితంలోనే రాసి ఉంది. గది పెద్దది చేయలేం, తెలుసు. ఇస్త్రీ బల్ల, సూట్‌కేసులు, బియ్యం బస్తా బయటికి తేగలం. లోపలి నుంచి గడియ పెట్టించగలం. ఫ్యాను బిగించగలం. తలుపు కొట్టి పిలవగలం.

5. కనీస జీతం అంటే దానికి తగ్గకూడదని, అంతే ఇవ్వాలని కాదు. 2025 సెప్టెంబరు ఆఖర్లో ఆ కనీసం 4,990 నుంచి 5,100 డాలర్లయింది. నెలకి 26 రోజులు, రోజుకి పన్నెండు గంటలు లెక్కేసుకున్నా గంటకి 16 డాలర్ల చిల్లర. మన ఇళ్లలో పన్నెండు గంటలతో ఆగదని మనకి తెలుసు. ఇదే ఊళ్లో మిగతా పనివాళ్లకి 2025 మేలోనే గంటకి కనీసం 42.10 చేశారు. ఇంట్లో ఉండి పనిచేసేవాళ్లని ఆ చట్టంలోంచి తప్పించారు. "తిండి, వసతి మనదే కదా" అంటారు. వసతి కొలతలు పైన చెప్పాను. తిండి విషయానికొస్తే, మనం తినే పప్పూ పచ్చడీ ఏళ్ల తరబడి తినమంటే ఎవరికైనా కష్టమే. భోజనం బదులు డబ్బిస్తే, 2025 సెప్టెంబరు లెక్క ప్రకారం నెలకి కనీసం 1,236 ఇవ్వాలి. ఏది కావాలో ఆమెని అడగండి. అనుభవం ఉన్న మనిషికి ఏటా కొంత పెంచండి. మీ కంపెనీ మీకు పెంచకపోతే మీరెంత బాధపడతారో మన ఇళ్లలో డిసెంబరులో వినపడుతూనే ఉంటుంది.

6. పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి. "పోగొట్టుకుంటుందని భద్రంగా పెట్టాం" అనే మాట మన ఇళ్లలోనే విన్నాను. మా అమ్మకీ అదే చెప్పారు. ఏజెన్సీ ఇక్కడ ఆమె దగ్గర తీసుకోగలిగింది మొదటి నెల జీతంలో పదో వంతు మాత్రమే. అంతకంటే ఎక్కువ అప్పులో ఉందని తెలిస్తే లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేయడానికి తోడు వెళ్లండి. మీరు పక్కన ఉంటే ఆమె మాటకి బలం వస్తుంది.

7. ప్రభుత్వానికి మనం కూడా చెప్పాలి. ఇంట్లోనే ఉండాలన్న నిబంధన, రెండు వారాల నిబంధన మార్చమని హెల్పర్ల సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. వాళ్లని పనిలో పెట్టుకున్నవాళ్ల తరఫున అడిగింది చాలా తక్కువమంది కాబట్టి అది వాళ్ల సమస్యగానే ఉండిపోయింది. బయట ఉండగలిగే మనిషిని బయట ఉండనివ్వమని, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి కనీసం రెండు నెలలు ఇవ్వమని అడుగుతూ నేనొక వినతి రాశాను. మన ఊళ్ల నుంచి ఇప్పటికీ గల్ఫ్ వెళ్తున్న ఆడవాళ్లకి ఇలాంటి రక్షణ కావాలని మనం తెలుగులో ఎన్నిసార్లు రాసుకోలేదు? కువైట్ కూడా 2015లో ఇంటిపనివాళ్లకి చట్టం చేసి వారానికో సెలవు పెట్టింది. మా అమ్మ 2004లో తిరిగొచ్చేసింది, ఆ సెలవు ఆమెకి అందలేదు.

ఇది చదివాక కొందరికి కోపం రావచ్చు. "మా ఇంట్లో మనిషిలా చూసుకుంటాం" అనొచ్చు. మీరు నిజంగానే చూసుకుంటారు, నాకు తెలుసు. ఆతె కొడుకు కాలేజీ ఫీజుకి మేమూ సాయం చేశాం. కానీ బెంచీ మీద కూర్చునే హక్కు మన మంచితనం మీద ఆధారపడకూడదు. మనం వచ్చే ఏడు సింగపూరో సిడ్నీయో వెళ్లిపోతే, ఆ ఫ్లాట్‌లోకి వచ్చే కొత్తవాళ్లు ఎలాంటివాళ్లో ఎవరికి తెలుసు?

మెట్ల మీద చూసిన మర్నాడు నేను ఆతెకి క్షమాపణ చెప్పాను. "పర్లేదు మామ్, వాన కదా" అంది. ఆ కాగితం గురించి అడిగితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ బెంచీల దగ్గర వైఫై బాగా అందేదని, కొడుకుతో మాట్లాడేటప్పుడు బొమ్మ ఆగిపోయేది కాదని చెప్పింది. మెట్ల మీద మాటిమాటికీ ఆగిపోతోందట.

యజమానుల సమావేశం వచ్చే నెలలో ఉంది. ఎజెండాలో విషయం చేర్చాలంటే దానికి ముందే సంతకాలు అందాలి. కాగితం తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ మా ఇంట్లో ఉంది. ఓటున్నవాళ్లు యజమానుల కాగితం మీద, అద్దెకున్నవాళ్లు మద్దతు కాగితం మీద, అందరూ ప్రభుత్వానికి వెళ్లే వినతి మీద సంతకం పెట్టొచ్చు. ఈ శనివారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా నేను ఇంట్లోనే ఉంటాను. కాఫీ నేనే పెడతాను.

ఇట్లు,
రాజోలు నుంచి వచ్చి, తొమ్మిదేళ్లుగా మీ పొరుగున ఉంటున్న ఒక అద్దె ఇంటి ఆవిడ